మీరెఱుఁగుదురా? బాలల కథలందలి పదసంపద
పట్టభద్రులైన పెద్దలు తమ మిత్రులతో ముచ్చటించు మాటలలోకంటె, బాలబాలికల కొఱకు వ్రాయఁబడిన ఆంగ్లగ్రంథములలో అరుదైన పదములు దాదాపు రెట్టింపు కలవు.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున డొనాల్డ్ హేస్, మార్గరెట్ ఆరెన్స్ అను పరిశోధకులు, మిక్కిలి తఱచుగా వాడుకలోనున్న 10,000 పదములకు వెలుపలి వానినెల్ల అరుదైనవిగా నెంచి గణింపఁగా, వేయి మాటలకు బాలల గ్రంథములలో 30.9, పెద్దల టెలివిజన్ కార్యక్రమములలో 22.7, పట్టభద్రుల సంభాషణలో 17.3 అట్టి పదములు కానవచ్చినవని 1988లో ప్రకటించిరి. పెక్కురు చిన్నచూపు చూచు కామిక్ పుస్తకములలో ఆ సంఖ్య 53.5! పిల్లవాఁడు కథల పుస్తకముతో కూర్చుండఁగా అది కాలహరణమని మందలించు పెద్దలు ఈ అంకెలను ఒకమాఱు శ్రద్ధతో పరికింపవలెను.

చదువునపుడు ఎదురైన తెలియని పదములలో, నిఘంటువు తెఱవకయే అర్థము బోధపడి మనసున నిలుచునది సుమారు 20లో ఒకటి మాత్రమేయని నాగీ, ఆండర్సన్, హెర్మన్ అనువారు పాఠశాలా విద్యార్థులను పరీక్షించి 1987లో తెలిపిరి. ఇది స్వల్పముగాఁ దోఁచును. కాని నవలలను విడువక చదువు కౌమారవయస్కునికి ఏడాదిలో లక్షలకొలఁది మాటలు కంటఁబడును గనుక, ఆ స్వల్పభాగమే ఏటేట వందలకొలఁది క్రొత్త పదములగును.