అందరికీ ఒకే పంక్తి: అమృత్‌సర్ యాత్ర

మన వైపు ఆడవాళ్ళకి ఉత్తరదేశ యాత్ర అంటే ముందు కాశీ, గయ, ప్రయాగ. ఇంకాస్త ఓపికుంటే హరిద్వారం, ఋషీకేశం, ఆ పైన వైష్ణోదేవి. వైష్ణోదేవి నుంచి తిరిగివచ్చే దారిలో అమృత్‌సర్‌లో ఒక పూట దిగి, స్వర్ణదేవాలయం చూశామనిపించుకుని మళ్ళీ రైలెక్కేస్తారు. నన్నడిగితే ఆ ఊరికి ఒక పూట ఏ మూలకీ చాలదు. కనీసం రెండు రోజులు ఉండాలి. గుడి కోసం ఒక రోజు, అక్కడి వంటశాల కోసం, చరిత్ర కోసం ఇంకో రోజు.

మేం ఫిబ్రవరి నెలలో వెళ్ళాం. మావారు, నేను, డెబ్బై రెండేళ్ళ మా అత్తగారు. ఆవిడ మడీ ఆచారం బాగా పాటించే మనిషి. ఇంట్లో తప్ప బయట మెతుకు ముట్టరు. ప్రయాణానికి అటుకులు, పేలపిండి, పులిహోర, ఒక డబ్బా నిండా జంతికలు ఆవిడ కోసమే సర్దాను.

ఊరికి ఆ పేరెలా వచ్చిందంటే

సిక్కులకి గురువులు పదిమంది. వారిలో నాలుగో గురువు రామదాస్ 1577లో ఇక్కడ కోనేరు తవ్వించడం మొదలుపెట్టారు. దాని చుట్టూ ఊరు పెరిగింది. మొదట్లో ఆయన పేరు మీద రామదాస్‌పూర్ అనేవారట. తర్వాత కోనేటి పేరే ఊరి పేరైంది. అమృత సరస్సు కాస్తా అమృత్‌సర్ అయింది. మనకి అర్థం కావడానికి నిఘంటువు అక్కర్లేదు!

ఆ కోనేటి నడుమ గుడి కట్టించింది అయిదో గురువు అర్జున్‌దేవ్. మియాన్ మీర్ అనే ముస్లిం సాధువు చేత శంకుస్థాపన చేయించారని చెప్పుకుంటారు. 1604లో సిక్కుల పవిత్ర గ్రంథాన్ని ఇందులో ప్రతిష్ఠించారు. లోపల విగ్రహం ఉండదు. ఆ గ్రంథమే దైవం, గురువు. పొద్దున్నే తెల్లవారకముందు దాన్ని పల్లకీలో మేళతాళాలతో తీసుకువస్తారు. రాత్రి మళ్ళీ పల్లకీలోనే పవళింపుకి తీసుకెళతారు. మన గుళ్ళల్లో సుప్రభాతం, ఏకాంతసేవ చూసినవాళ్ళకి ఇది చూస్తే ఎంతో దగ్గరగా అనిపిస్తుంది.

గుడికి నాలుగు వైపులా నాలుగు ద్వారాలు. ఏ దిక్కు నుంచి వచ్చినవారికైనా, ఏ కులంవారికైనా, ఏ మతంవారికైనా తలుపు తెరిచే ఉంటుందని దాని అర్థం. ఇంకో విశేషం చూడండి. మన గుళ్ళకి మెట్లెక్కి వెళతాం. ఇక్కడ మెట్లు దిగి వెళ్ళాలి. అహంకారం దించుకుని లోపలికి రావాలని అలా కట్టారట.

1762లో అహ్మద్‌షా అబ్దాలీ సైన్యాలు ఈ గుడిని పేల్చేశాయి. సిక్కులు మళ్ళీ కట్టుకున్నారు. బంగారు రేకుల తాపడం మొదట మహారాజా రంజిత్‌సింగ్ కాలంలో వేయించారు. ఎదురుగా ఉన్న అకాల్ తఖ్త్‌ని 1606లో ఆరో గురువు హరగోవింద్ స్థాపించారు. 1984 జూన్‌లో సైనిక చర్య జరిగినప్పుడు అది బాగా దెబ్బతింది. ఆ రోజుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవారిలో యాత్రకి వచ్చినవారూ ఉన్నారు. ఆ తర్వాత దాన్ని మళ్ళీ నిర్మించారు. పాలరాతి నేల మీద ప్రదక్షిణం చేస్తూ ఉంటే, ఇంత ప్రశాంతమైన చోటు ఇన్ని కష్టాలు పడిందా అనిపిస్తుంది.

రేగిచెట్టు కింద రజని కథ

కోనేటి గట్టున ఒక పాత రేగిచెట్టుంది. దుఃఖభంజని అంటారు. అక్కడ స్నానం చేసే ఆడవాళ్ళు ఎక్కువ. ఆ చెట్టు కథ మన సుమతి కథని గుర్తుకు తెస్తుంది.

ఒక అధికారికి అయిదుగురో ఆరుగురో కూతుళ్ళు. ఒకరోజు ఆయన వాళ్ళని పిలిచి "మీకు అన్నం పెడుతున్నది ఎవరు?" అని అడిగాడట. మిగతావాళ్ళంతా "మీరే నాన్నగారూ" అన్నారు. చిన్నకూతురు రజని మాత్రం "అందరికీ పెట్టేవాడు భగవంతుడు" అంది. తండ్రికి కోపం వచ్చి, "సరే, వాడే పెడతాడేమో చూద్దాం" అని ఒక కుష్ఠురోగికిచ్చి పెళ్ళి చేసేశాడు. ఆమె భర్తని బుట్టలో పెట్టుకుని, ఊరూరా తిరుగుతూ పోషించింది. ఒకరోజు ఈ చెట్టు నీడలో ఆయన్ని దించి, తిండి వెతుక్కురావడానికి వెళ్ళింది. ఇంతలో నల్లకాకులు నీటిగుంటలో మునిగి తెల్లగా పైకి రావడం ఆయన చూశాడు. తనూ పాక్కుంటూ వెళ్ళి మునిగాడు. రోగం పోయింది. తిరిగివచ్చిన రజని ముందు ఆయన్ని నమ్మలేదు, "నా భర్తని ఏం చేశావు?" అని నిలదీసింది. చివరికి గురు రామదాస్ దగ్గరకి వెళ్ళాకగాని ఆమె మనసు కుదుటపడలేదని చెబుతారు.

కథ నిజమా కాదా అన్నది పక్కన పెట్టండి. "అన్నం పెడుతున్నది ఎవరు?" అన్న ఆ ప్రశ్నకి జవాబు, గుడి పక్కనే ఉన్న భోజనశాలలో దొరుకుతుంది.

రోజూ జరిగే పెళ్ళి భోజనం

దాన్ని లంగరు అంటారు. రాత్రీ పగలూ పొయ్యి ఆరదు. రోజుకి 50 వేలమందికి తక్కువ కాకుండా తింటారనీ, పండగ రోజుల్లో లక్ష దాటుతుందనీ చెబుతారు. మనింట్లో పదిమంది చుట్టాలొస్తేనే వారం ముందు నుంచీ హైరానా పడతాం కదా! అక్కడ ఏ హడావిడీ కనిపించదు. మనిషి లోతున్న గుండిగల్లో పప్పు ఉడుకుతూ ఉంటుంది. పెద్ద పెనాల మీద రొట్టెలు కాలుతూ ఉంటాయి. రద్దీ రోజులకి రొట్టెలు చేసే యంత్రాలున్నాయి. కానీ ఉల్లిపాయలు తరిగేదీ, వెల్లుల్లి ఒలిచేదీ, పిండి ఉండలు చేసేదీ, కంచాలు కడిగేదీ ఎక్కువగా భక్తులే. ఎవరైనా వెళ్ళి కూర్చుని పని అందుకోవచ్చు. మగవాళ్ళు బారుగా నిలబడి అంట్లు తోముతుంటే, నేను కాసేపు అక్కడే నిలబడి కళ్ళారా చూశాను. మావారిని కూడా చూడమన్నాను!

వంటింటి పనిని సిక్కు గురువులు ఎంత గౌరవించారో చెప్పే సంగతి ఒకటుంది. రెండో గురువు అంగద్ భార్య మాతా ఖీవీ లంగరు నడిపించేవారు. ఆవిడ పేరు, ఆవిడ వడ్డించే నెయ్యి వేసిన పాయసం ప్రస్తావన పవిత్ర గ్రంథంలోనే ఉన్నాయి. వంట చేసి పెట్టిన ఇల్లాలికి ఇంతకన్నా గొప్ప సన్మానం ఏముంటుంది చెప్పండి.

లోపల నేల మీద పొడుగాటి చాపలు పరిచి ఉంటాయి. దీన్ని పంగత్ అంటారు. మన పంక్తి అన్న మాటే! కాకపోతే మన పెళ్ళిళ్ళలో ఒకప్పుడు ఎవరి పంక్తి వారిదే. ఇక్కడ పక్కన ఎవరు కూర్చుంటారో చెప్పలేం. రిక్షా తొక్కేవాడు, కారులో వచ్చినవాడు, విదేశాల నుంచి వచ్చినవాళ్ళు, అందరికీ అదే చాప, అదే స్టీలు కంచం.

మా అత్తగారు రారనే అనుకున్నాను. బయట అరుగు మీద కూర్చోబెట్టి అటుకుల డబ్బా చేతికివ్వబోయాను. ఆవిడ పక్కనే ఒక పంజాబీ ముసలావిడ ఉంది. భాష రాకపోయినా ఇద్దరూ అరగంట నుంచీ చేతులూ కళ్ళూ తిప్పుకుంటూ కబుర్లు చెప్పుకుంటున్నారు. ఆవిడ లేచి మా అత్తగారి చెయ్యి పట్టుకుంది. అత్తగారు నా వైపు చూసి, "అందరూ తినేదే కదమ్మాయ్, నాకొక్కదానికీ వేరే విస్తరెందుకు?" అంటూ వెళ్ళి ఆవిడ పక్కనే కూర్చున్నారు. రొట్టె రెండు చేతులూ చాచి తీసుకోవాలి. ఆవిడా అలాగే తీసుకున్నారు. ఉల్లిపాయ ఉంటుందని పప్పు వద్దన్నారు. రొట్టె, పాయసం మాత్రం తృప్తిగా తిన్నారు. తర్వాత బటాణీలు ఒలిచే గుంపులో చేరి గంటసేపు లేవలేదు. ఊళ్ళో మా పెరట్లో కూర్చున్నట్టే కూర్చున్నారు.

ఊరొచ్చిన నాలుగు రోజులకి, పనమ్మాయికి టీ ఇస్తుంటే అత్తగారు వంటింట్లోకి వచ్చారు. ఆ పిల్ల గ్లాసు పెరటి కిటికీలో విడిగా ఉంచడం ఇన్నేళ్ళుగా మా ఇంట్లో పద్ధతి. "దాని గ్లాసు కూడా మనవాటితో కలిపి పెట్టెయ్, కడిగేదెలాగూ అదే కదా" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. నేనూ అడగలేదు.

జలియన్‌వాలా బాగ్

గుడికి నడిచివెళ్ళేంత దూరంలోనే జలియన్‌వాలా బాగ్ ఉంది. చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నదే. 1919 ఏప్రిల్ 13, వైశాఖీ పండగ రోజు. రౌలట్ చట్టానికీ, నాయకుల అరెస్టులకీ నిరసనగా సభ జరుగుతోంది. పండగకి వచ్చిన పల్లెటూళ్ళవాళ్ళు కూడా అక్కడ చేరారు. జనరల్ డయ్యర్ సైనికులతో వచ్చి హెచ్చరిక లేకుండా కాల్పించాడు. 1,650 తూటాలు పేలాయి. ప్రభుత్వం లెక్కలో చనిపోయినవారు 379 మంది. కాంగ్రెస్ విచారణ సంఘం వెయ్యిమంది దాకా అని అంచనా వేసింది. గోడల మీద తూటా గుర్తులు, ప్రాణభయంతో జనం దూకిన బావి ఇప్పటికీ ఉన్నాయి. లోపలికి వెళ్ళే సన్నటి సందు చూస్తేనే గుండె జారుతుంది. 2021లో ఆ సందు గోడల మీద బొమ్మలు పెట్టి ఆవరణని కొత్తగా తీర్చిదిద్దారు.

రతన్‌దేవి అనే ఇల్లాలి సంగతి మీకు తెలిసి ఉండకపోవచ్చు. ఆ దగ్గరలోనే ఆమె ఇల్లు. కాల్పులు వినబడగానే పరుగెత్తుకు వచ్చి శవాల మధ్య భర్తని వెతుక్కుంది. ఊళ్ళో కర్ఫ్యూ. మోసుకెళ్ళడానికి సాయం వచ్చేవాళ్ళు లేరు. కుక్కలు రాకుండా ఒక వెదురుకర్ర చేత్తో పట్టుకుని, రాత్రంతా భర్త శవం దగ్గర కూర్చుంది. చుట్టూ గాయపడినవాళ్ళు నీళ్ళడుగుతున్నారు. ఈ సంగతి ఆమే విచారణలో చెప్పింది. నాయకుల పేర్లతో పాటు ఈమె పేరు కూడా మన పిల్లలకి చెప్పాలి.

ఇంకా చూడవలసినవి

పాత టౌన్‌హాల్‌లో 2017లో దేశ విభజన మ్యూజియం తెరిచారు. 1947లో ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి వచ్చినవాళ్ళు తెచ్చుకున్న చెంబులు, ట్రంకుపెట్టెలు, బట్టలు అక్కడున్నాయి. ఒక ఫుల్కారీ కోటు, ఒక తోలుపెట్టె దగ్గర తప్పకుండా ఆగండి. పెళ్ళి నిశ్చయమై, విభజనలో విడిపోయి, శరణార్థుల వరసలో మళ్ళీ కలుసుకున్న ఒక జంటవి అవి.

రంజిత్‌సింగ్ కోట గోవింద్‌గఢ్‌ని కూడా 2017లోనే అందరికీ తెరిచారు. కోహినూరు వజ్రాన్ని ఒకప్పుడు ఇక్కడ దాచారంటారు. ఆ వజ్రం మన కృష్ణాతీరంలోని కొల్లూరు గనుల్లో దొరికిందని ప్రతీతి కదా, మనకి ఆ కోటతో ఆ చుట్టరికం ఉంది! దుర్గియానా మందిరం లక్ష్మీనారాయణుల గుడి. స్వర్ణదేవాలయం తరహాలోనే నీటి మధ్య ఉంటుంది. వెండి తలుపులు బాగుంటాయి.

సాయంత్రం అట్టారీ సరిహద్దులో జెండాలు దించే వేడుకకి జనం విరగబడి వెళతారు. అది ఊరికి 30 కిలోమీటర్ల దూరం. 2025లో రెండు దేశాల మధ్య ఉద్రిక్తతల తర్వాత గేట్లు తెరవకుండా, కరచాలనం లేకుండా జరిపారు. వెళ్ళే ముందు హోటల్లో కనుక్కోండి.

కొనుక్కోవడానికి ఫుల్కారీ దుపట్టాలు, మిరియాలు దంచి వేసిన మినప్పప్పు వడియాలు, అప్పడాలు బాగుంటాయి. శనగలకూరతో తినే కుల్చా, పెద్ద గ్లాసులో లస్సీ రుచి చూడకుండా రావద్దు.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

• అక్టోబరు, నవంబరు, ఫిబ్రవరి, మార్చి నెలలు అనుకూలం. డిసెంబరు, జనవరిలో పొగమంచుకి రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి.

• విశాఖ నుంచి హీరాకుడ్ ఎక్స్‌ప్రెస్ అమృత్‌సర్ వెళుతుంది. హైదరాబాదు వైపువారు ఢిల్లీలో రైలు మారవచ్చు.

• గుళ్ళో ఆడా మగా అందరూ తల కప్పుకోవాలి. మనకి పైటకొంగు చాలు. మగవాళ్ళు ఒక చేతిరుమాలు దగ్గరుంచుకోవాలి. సిగరెట్లు, పొగాకు దగ్గర ఉండకూడదు.

• దర్శనం వరస పొడుగ్గా ఉంటుంది. పెద్దవాళ్ళుంటే తెల్లవారుజామునే వెళ్ళండి.

• లంగరులో కంచంలో ఏదీ వదలకూడదు. కావలసినంతే పెట్టించుకోండి.

అంత దూరం వెళ్ళలేనివారు నాందేడ్ వెళ్ళవచ్చు. 1708లో పదో గురువు గోవింద్‌సింగ్ దేహం చాలించింది అక్కడే. 1956 దాకా అది హైదరాబాదు రాష్ట్రంలోని ఊరే. సికింద్రాబాదు నుంచి రైళ్ళున్నాయి. అక్కడా లంగరు ఉంది.

కడా ప్రసాదం

ఆ గుడి ప్రసాదం చేసే పద్ధతి ఇది. కొలత గుర్తుంచుకోవడం చాలా తేలిక.

కావలసినవి: కాస్త బరకగా ఉన్న గోధుమపిండి 1 కప్పు, నెయ్యి 1 కప్పు, పంచదార 1 కప్పు, నీళ్ళు 3 కప్పులు.

చేసే విధానం: పంచదార నీళ్ళలో వేసి కరిగి మరిగే దాకా కాచి పక్కన ఉంచుకోవాలి. మందపాటి మూకుడులో నెయ్యి వేడిచేసి పిండి వేసి, సన్నసెగ మీద చెయ్యి ఆపకుండా వేయించాలి. పిండి ముదురు గోధుమరంగులోకి వచ్చి కమ్మటి వాసన వేసేటప్పుడు పంచదార నీళ్ళు కొంచెం కొంచెంగా పొయ్యాలి. బాగా చిటపటలాడుతుంది, మొహం దూరంగా ఉంచుకోండి. ఉండలు కట్టకుండా కలుపుతూ, దగ్గరపడి నెయ్యి అంచుల వెంట వదిలేటప్పుడు దించాలి. ఏలకులు, జీడిపప్పు వెయ్యనక్కర్లేదు. గుళ్ళో వెయ్యరు. వేడివేడిగా, రెండు చేతులూ చాపినవాళ్ళందరికీ సమానంగా పంచండి.