సింహళదేశమున ఉచితవిద్య

ఒక దేశమునందలి బిడ్డలందఱును చదువుకొనవలెనన్న ఏమి చేయవలెను? ఈ ప్రశ్న నడిగినచో మన విద్యార్థులలో పలువురు "బడి జీతములు తీసివేసిన చాలును" అని వెంటనే ప్రత్యుత్తరమిత్తురు. ఆ పని నిజముగా చేసి చూచిన దేశమొకటి మనకు మిక్కిలి సమీపమున కలదు. రామేశ్వరమునకు ఆవల ఇఱుకైన సముద్రమును దాటినచో అదియే సింహళము. సిలోనని పూర్వపు పేరు, 1972 నుండి శ్రీలంక. అచ్చట 1945వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీ మొదలుకొని, అక్షరాభ్యాసపు తరగతినుండి విశ్వవిద్యాలయము వఱకు జీతము లేని చదువు ఏర్పడెను. అప్పటికి ఆ దేశమునకు స్వాతంత్ర్యమైనను రాలేదు. అది ధనికదేశమును కాదు. ఐనను ఆ సంస్కరణను తలపెట్టినవారికి ఒక సంగతి స్పష్టముగా తెలిసియుండెను. బీదబిడ్డకు అడ్డముగా నున్నవానిలో జీతము ఒకటి మాత్రమే. దూరము రెండవది, భాష మూడవది.

అంతకు పూర్వము సింహళమున రెండు తెగల పాఠశాలలుండెను. గ్రామములలో సింహళభాషయందో తమిళమునందో బోధించు బడులు. వానిలో జీతము లేదు. పట్టణములలో ఇంగ్లీషు పాఠశాలలు. వానిలో జీతము కలదు. సర్కారు కొలువైనను, వైద్యమైనను, న్యాయవాదవృత్తియైనను ఇంగ్లీషు చదివినవారికే దక్కుచుండెను. ఆ ఇంగ్లీషు పాఠశాలలలో పెక్కింటిని మిషనులవారు సర్కారు గ్రాంటు సాయముతో నడపుచుండిరి. మన మద్రాసు రాజధానియందును ఇట్టి గ్రాంటు పద్ధతియే ఉండెను. కావున చదువరులు ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. పల్లెబిడ్డకు ఉచితముగా దొరకిన చదువు అతనిని చిన్న గుమాస్తా పనికైనను చేర్చునది కాదు. చేర్చగల చదువును అతడు కొనజాలకుండెను.

ఈ స్థితిని మార్చిన సి. డబ్ల్యు. డబ్ల్యు. కన్నంగరగారు మిషను పాఠశాలలో చదివిన బాలుడే. ఆయన 1884లో అంబలంగొడ సమీపమున రందొంబె అను గ్రామమున జన్మించెను. అంబలంగొడలో వెస్లియన్ మిషనువారి బడిలో చదువుచుండగా బహుమతుల పండుగకు గాలె పట్టణమునందలి రిచ్మండు కళాశాల ప్రధానోపాధ్యాయుడు డారెల్ దొరగారు విచ్చేసిరనియు, ఒకే బాలుడు బహుమతులలో పెక్కింటిని ఎత్తుకొనిపోవుట చూచి అతనికి తమ కళాశాలలో చదువు నవకాశము కల్పించిరనియు చెప్పుదురు. ఆ విద్యార్థివేతనమే లేకున్న ఆ బాలుడు గ్రామమునందే నిలిచిపోయెడివాడు. పెద్దవాడై గణితము బోధించి, పిమ్మట న్యాయవాదియై, రాజకీయములలో ప్రవేశించెను. ఒక దొరగారి దయ ఒక బాలునిపై ప్రసరించినందున తాను పైకి వచ్చెను. దొరగారి కంటబడని బాలుర గతియేమి? ఆయన చేసిన పనియంతయు ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరమని నాకు తోచుచున్నది.

ఆ పనికి కాలము కూడ అనుకూలించెను. 1931లో డొనమోరు సంఘమువారి సిఫారసు ననుసరించి సింహళమున ఇరువదియొక్క యేండ్లు నిండిన స్త్రీపురుషులందఱికిని వోటు లభించెను. మన రాజధానిలో 1937నాటి యెన్నికలయందు సైతము ఆస్తిపన్నులను బట్టియో చదువును బట్టియో కొందఱికే వోటుండెను గదా. అచ్చట పల్లెలోని రైతు వోటు కూడ లెక్కకు వచ్చుటచేత పల్లెబడి సంగతి శాసనసభలో వినబడసాగెను. అదే సంవత్సరమున కన్నంగరగారు విద్యామంత్రియై 1947 వఱకు పదునాఱేండ్లు ఆ పదవియందుండిరి. 1943లో ఆయన అధ్యక్షతను వెలువడిన నివేదికయే ఉచితవిద్యకు మూలము. ఎదిరించినవారు లేకపోలేదు. ఇంత ధనమెక్కడిదని కొందఱు, ఉచితముగా వచ్చినదానిని ఎవరును గౌరవింపరని కొందఱు పలికిరి. జీతము వదలుకొని సర్కారు సాయము పుచ్చుకొనుటయో, సాయము వదలుకొని జీతము పుచ్చుకొనుటయో తేల్చుకొనుటకు మిషను పాఠశాలలకు కొంత గడువిచ్చిరి. పెక్కు పాఠశాలలు తుదకు ఉచితవిద్యలోనే చేరెను.

నా యభిప్రాయమున జీతముల రద్దుకంటెను గొప్పది మధ్యమహావిద్యాలయముల స్థాపన. కొలంబోలోని కళాశాలలతో తులతూగదగిన పాఠశాలలను పల్లెప్రాంతములకు నడుమ నెలకొల్పవలెనని కన్నంగరగారు సంకల్పించి మొట్టమొదటిదానిని మతుగమలో ఏర్పఱచిరి. కొలది సంవత్సరములలో అట్టివి యాబదికి పైగా లేచెను. వానిలో ప్రయోగశాల, గ్రంథాలయము, ఆటస్థలము, వసతిగృహము ఉండెను. చుట్టుపట్ల గ్రామముల బడులలో అయిదవ తరగతి చదువు బిడ్డలకు పరీక్షపెట్టి, అందు నెగ్గినవారిని వసతిగృహమున నుంచి భోజనముతో సహా ఉచితముగా చదివించిరి. పదియేండ్ల పల్లెబిడ్డ ప్రతిదినమును పట్టణమునకు పోయి రాజాలడు. అచ్చట నిలుచుటకు బంధువుల యిల్లుండదు. ఉన్నను ఆ భారమును ఎన్నాళ్లు భరింతురు? జీతము తీసివేసినంతమాత్రమున ఈ చిక్కు తీఱదు. ఈ విద్యాలయములనుండి వెడలిన రైతుబిడ్డలు వైద్యులు, ఇంజనీర్లు, ఆచార్యులునైరి. సింహళమున 1946నాటి జనగణనయందు నూటికి సుమారు 58 మందికి చదువు రాగా, 1981 నాటికి నూటికి ఎనుబదియైదుగురికి పైగా వచ్చియుండిరి.

భాషావిషయమున ఫలము ఇంత నిష్కల్మషముగా లేదు. ప్రాథమికవిద్య మాతృభాషలోనే జరుగవలెనన్న నిర్ణయము న్యాయమైనదే. తనకు తెలియని భాషలో ఎక్కములు నేర్చు బిడ్డకు ఎక్కమును రాదు, భాషయు రాదు. క్రమముగా పై తరగతులును మాతృభాషలకు మాఱెను. కాని దానితోపాటు సింహళబాలుడును తమిళబాలుడును వేఱువేఱు తరగతులలో కూర్చుండ మొదలిడిరి. పూర్వము ఇంగ్లీషు పాఠశాలలో ఒకే బల్లపై కూర్చున్నవారు ధనికుల బిడ్డలే కావచ్చును. ఐనను ఒకరి మాట ఒకరికి తెలిసియుండెను. 1956లో సింహళమొక్కటే అధికారభాషయని చట్టమైన పిమ్మట ఈ వేఱుపాటు కలహముగా ముదిరిన సంగతి లోకవిదితము. ఆ దోషమును బడిపైననే మోపుట తగదు. కాని బడి దానిని ఆపలేకపోయెను.

తేయాకు తోటలలోని కూలీల బిడ్డలను ఈ సంస్కరణ చాలకాలము తాకనేలేదు. వారు మద్రాసు రాజధానినుండి వెళ్లినవారి సంతతి. తోటబడులు దొరల చేతిలోనే యుండి, 1970 దాటిన తరువాతగాని జాతీయవిద్యావిధానమున చేరలేదు. ఉచితవిద్యను గూర్చి పొగడువారు ఈ మాటను తఱచు మఱచుచుందురు.

మిషను పాఠశాలల కథ 1960, 1961 సంవత్సరముల చట్టములతో మఱియొక మలుపు తిరిగెను. గ్రాంటు పొందుచున్న పాఠశాలలను సర్కారువారు తమ వశము చేసికొనిరి. కొన్ని రోమను కతోలిక పాఠశాలలలో తల్లిదండ్రులు బడులలోనే కూర్చుండి వానిని విడువమనిరి. జీతము పుచ్చుకొనకుండ, గ్రాంటు లేకుండ నిలిచినవి కొలదిపాటివి. రిచ్మండు కళాశాలయు తుదకు సర్కారు పాఠశాలయయ్యెను. 1969 వఱకు జీవించిన కన్నంగరగారు తాము చదివిన బడి చేతులు మాఱుట కన్నులార చూచిరి.

చదివినవారికెల్ల ఉద్యోగమిచ్చుట బడికి సాధ్యము కాదు. 1971లో ప్రభుత్వముపై తిరుగబడిన యువకులలో పెక్కుమంది ఉచితముగా చదివి పనిదొరకని పల్లెబిడ్డలే. ఐనను ఉచితవిద్యను రద్దుచేయుటకు ఏ ప్రభుత్వమును సాహసింపలేదు సరికదా, 1980లో పాఠ్యపుస్తకములను సైతము ఉచితముగా ఇయ్యసాగిరి.

అయిదవ తరగతి పరీక్ష నేటికిని నడచుచున్నది. ఏటేట సుమారు మూడు లక్షల బిడ్డలు దానికి కూర్చుండుచున్నారు. మంచి బడిని పల్లెకు చేర్చుటకై పుట్టిన ఆ పరీక్ష, ఇప్పుడు కొలంబో, కాండీ మొదలగు పట్టణములలోని పేరుపొందిన పాఠశాలలలో చోటు సంపాదించుటకు పందెమైనది. తొమ్మిది, పదియేండ్ల బిడ్డలు సాయంకాలములందును ఆదివారములందును ట్యూషనులకు పోవుచున్నారు. బడిలో తీసివేసిన జీతమును తల్లిదండ్రులు ఇప్పుడు అచ్చట చెల్లించుచున్నారు.