చెరువు నేర్పని పాఠము

రాయపూరు నగరమునకు సముద్రము లేదు, చెరువులు కలవు. బూఢా తాలాబు, తేలీబాంధా తాలాబు మొదలగునవి తరతరములుగా పురజనులకు పరిచితములు. తేలీబాంధా గట్టునకు ప్రజలు ‘మెరైన్ డ్రైవ్’ అని ముద్దుపేరు పెట్టుకొనుటను బట్టియే కడలిపై ఈ ఊరివారికిగల మక్కువ తెలియుచున్నది. ఉద్యోగములకై, వర్తకమునకై వచ్చి ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ మక్కువ మరింత యెక్కువ. విశాఖపట్టణపు తీరమునకు పోవుట వారికి పుట్టింటికి పోవుట వంటిది.

దారియు సుగమమే. విజయనగరము, రాయపూరులను కలుపు రైలుమార్గము 1931లో పూర్తియైనది. విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైనది. నాటి మధ్యపరగణాల సరకును ఆ రేవునకు చేర్చుట ఈ మార్గపు ముఖ్యోద్దేశము. నేడు అదే మార్గమున మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురముల మీదుగా సుమారు 530 కిలోమీటర్లు పయనించి, సాయంకాలము బండి యెక్కినవారు మరునాటి ఉదయమునకు విశాఖ చేరుచున్నారు. సెలవులు కొద్దిదినములే గావున వానిని సుఖముగను, క్షేమముగను గడుపు విధమును ముందుగా తెలిసికొనుట మేలు.

తీరమున గడపదగిన దినము

విశాఖ తూర్పుతీరమున నున్నది. సూర్యోదయము నీటిమీదనే కనబడును. వేకువనే లేచి తీరము వెంబడి అరగంట నడచుట పిన్నలకును పెద్దలకును శ్రేష్ఠమైన వ్యాయామము. రామకృష్ణా బీచి యొద్ద ఒడ్డుననే నిలిపియుంచిన ‘కుర్సురా’ జలాంతర్గామిని పిల్లలకు చూపవలెను. 1969 మొదలు 2001 వరకు నౌకాదళమునందు సేవచేసిన ఈ నౌక 2002 నుండి ప్రదర్శనశాలగా నున్నది. భీమునిపట్నమునకు పోవు దారిలో ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ మీది ప్రాచీన బౌద్ధ క్షేత్రము చూడదగినవి. భీమునిపట్నమున గోస్తనీనది సముద్రమున గలియు తావును, డచ్చివారి సమాధులును కలవు.

ఉదయము పది గంటలు మొదలు సాయంకాలము నాలుగు గంటల వరకు ఎండలో నుండకుండుట మంచిది. రాయపూరు వేసవిలో ఉష్ణము 40 డిగ్రీలను మించుట సాధారణమే గావున, విశాఖలోని ఎండ తమనేమియు చేయజాలదని కొందరు తలంతురు. ఇది పొరపాటు. సముద్రతీరమున గాలియందు తేమ మెండు. చెమట పట్టును గాని ఆరదు. చెమట ఆరనిదే శరీరము చల్లబడదు. కావున దాహము వేయకున్నను మాటిమాటికి కాచి చల్లార్చిన నీరు, మజ్జిగ, కొబ్బరినీరు త్రాగుచుండవలెను. తల తిరుగుట, వాంతి, మాట తడబడుట గాన్పించినచో ఆ మనిషిని వెంటనే నీడకు చేర్చి, ఒంటిని తడిబట్టతో తుడిచి, విసరి, వైద్యసహాయము పొందవలెను.

చెరువునీరు వేరు, కడలినీరు వేరు

ఇంతవరకు చెప్పినది సౌఖ్యమునకు సంబంధించినది. ఇకమీద చెప్పబోవునది ప్రాణమునకు సంబంధించినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము 2021లో ప్రపంచమున సుమారు మూడు లక్షలమంది నీటమునిగి మరణించిరి. చెరువులో ఈత నేర్చినవాడు తనకు నీటిభయము లేదనుకొనును. కాని చెరువునీరు ఉన్నచోట నుండును; సముద్రపునీరు నడచుచుండును.

అలలు ఒడ్డునకు నీటిని తెచ్చుచునే యుండును. ఆ నీరు మరల లోపలికి పోవుటకు దారి కావలెను. నీటి అడుగున నున్న ఇసుకమేటల నడుమ పల్లమున్న చోట అది ఇరుకైన కాలువవలె వేగముగా సముద్రములోనికి పారును. దీనినే శాస్త్రజ్ఞులు ‘రిప్ కరెంటు’ అందురు. దీని వేగము ఒక్కొక్కప్పుడు సెకనుకు రెండు మీటర్లను మించును. ఎంతటి గజ ఈతగాడును దానికెదురీది గెలువలేడు.

ఇందలి ప్రమాదమంతయు ఒక భ్రాంతిలో నున్నది. ఇరుప్రక్కల అలలు తెల్లగా విరుగుచుండగా, ఈ పల్లపు తావున మాత్రము అలలు విరుగక నీరు ప్రశాంతముగా, కొంచెము నల్లగా గాన్పించును. చెరువులకు అలవాటుపడిన కన్ను నిలకడగానున్న నీరే క్షేమమని యెంచి, పిల్లలను ఆ తావునకే తీసికొనిపోవును. ఇది మిగుల అపాయకరము. నురుగుగాని, బురదనీరుగాని లోపలికి సాగిపోవుచున్న తావును కూడ విడిచిపెట్టవలెను.

కావున నీటిలో దిగుటకు ముందు ఒడ్డున కొంతసేపు నిలిచి అలలను పరికింపుడు. అచ్చటి జాలరులను, గజ ఈతగాండ్రను అడుగుడు. ఎర్రజెండా యున్నచోట దిగకుడు. వారు కావలియున్న తావుననే, మోకాలిలోతు మించకుండ స్నానము చేయుడు. పిల్లలు చేయి చాచిన అందునంత దూరములోనే యుండవలెను. మద్యము సేవించినవారును, చీకటి పడిన పిదప ఎవ్వరును నీటిలో దిగరాదు. పెద్ద అలలను గూర్చి హైదరాబాదులోని ‘ఇన్‌కాయిస్’ సంస్థ చేయు హెచ్చరికలను పెడచెవిని పెట్టరాదు.

ప్రవాహమున చిక్కినచో

ఈ ప్రవాహము మనిషిని లోపలికి లాగుకొనిపోవునే గాని అడుగునకు లాగదు. ఒడ్డువైపు ఎదురీది అలసిపోవుటచేతనే పలువురు మునుగుదురు. భయపడక, వెల్లకిల తేలియుండి, చేయెత్తి సహాయము కోరవలెను. ఉప్పునీటిలో తేలుట చెరువునీటిలోకంటె సులభము. శక్తియున్నచో ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈదవలెను. ప్రవాహము ఇరుకైనది గావున కొంతదూరములో దాని పట్టు సడలును. పిమ్మట అలల వెంబడి ఒడ్డు చేరవచ్చును.

ఒడ్డుననున్న బంధువులకు ఇది మిక్కిలి కఠినమైన ఘడియ. బిడ్డ కొట్టుకొనిపోవుచుండగా తండ్రి దూకకుండ నిలువగలడా? కాని ఆత్రముతో దూకినవారు సైతము మునిగి, ఒక్క అపాయము రెండగుట తరచుగా జరుగుచున్నది. గజ ఈతగాండ్రను కేకవేయుడు. త్రాడుగాని, తేలెడి ఖాళీ డబ్బాగాని విసరుడు. 112కు గాని, 108కి గాని ఫోను చేయింపుడు. కొట్టుకొనిపోవువారిపై నుంచిన చూపు త్రిప్పకుడు.

ఒడ్డునకు చేర్చిన మనిషికి శ్వాస లేనిచో, పొట్ట నొక్కి నీరు కక్కించుటకుగాని, తలక్రిందులుగా త్రిప్పుటకుగాని కాలము వ్యర్థము చేయరాదు. వెల్లకిల పరుండబెట్టి, ముక్కు మూసి, నోటిలో నోరుంచి రొమ్ము పైకి లేచునట్లు ఊపిరి ఊదవలెను. పిదప రొమ్ము నడుమ ముప్పదిమారులు గట్టిగా, వేగముగా నొక్కి, రెండుమారులు ఊపిరి ఊదవలెను. నొక్కుట నిమిషమునకు 100 నుండి 120 మారుల వేగమున సాగవలెను. వైద్యులు వచ్చువరకు, లేదా శ్వాస తిరిగివచ్చువరకు దీనిని మానరాదు. తేరుకొన్నవారిని సైతము వైద్యునికి చూపవలెను. ఊపిరితిత్తులలో చేరిన నీటిచేత కొన్ని గంటలకు ఆయాసము రావచ్చును.

సముద్రమునకు వెరచి ఇంట కూర్చుండుమని చెప్పుట మా యభిమతము కాదు. చిన్ననాడు చెరువుగట్టున పెద్దలు మనకు లోతెక్కడో, మెట్టెక్కడో చూపిరి. కడలి గుణమును గూడ అట్లే తెలిసికొని మన బిడ్డలకు తెలుపవలెను. రాయపూరులో బండి యెక్కినవారెందరో, అందరును తిరిగి రాయపూరులో బండి దిగుటయే విహారమునకు సాఫల్యము.