రాయితీ అప్పు వెంటా, పాల వెంటా?

పాడి రైతుకు రాయితీ అన్న మాటకు ఢిల్లీలోని కృషి భవన్‌లో ఒక అర్థం, మన పల్లెల్లోని పాలకేంద్రం ముందు మరొక అర్థం ఉన్నాయని ఇక్కడి పథకాల కాగితాలు చదివేకొద్దీ నాకు తోస్తున్నది.

2010లో కేంద్రం నాబార్డు ద్వారా పాడి యూనిట్లకు సబ్సిడీ పథకం ప్రవేశపెట్టింది. వ్యయంలో 25 శాతం, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 33.33 శాతం ఇస్తామన్నది. ఆ సొమ్ము రైతు చేతికి వచ్చేది కాదు. బ్యాంకు అప్పు చివరి వాయిదాలలో సర్దుబాటయ్యేది. అంటే అప్పు పుట్టినవారికే రాయితీ! 2020లో ప్రకటించిన 15,000 కోట్ల రూపాయల పశుసంవర్ధక మౌలిక సదుపాయాల నిధిలో ఇచ్చినదీ 3 శాతం వడ్డీ రాయితీయే. రెండు గేదెలున్న ఇల్లాలికి ఇందులో దక్కేదేమిటి?

తెలంగాణ ప్రభుత్వం 2014లో వేరొక దారి పట్టింది. విజయ డెయిరీకి పాలు పోసేవారికి లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. ఇందులో అప్పుతో పనిలేదు, పాలే పూచీ. కాని బకాయిలు పేరుకుపోయాయన్న రైతుల మొర తరువాతి సంవత్సరాలలో తరచు వినవచ్చింది. నెలలు గడిచాక వచ్చే ప్రోత్సాహకంతో ఈనాటి దాణా కొనలేరు కదా!

ఈ రాజధానికి తెలిసిన పాత పాఠం ఒకటున్నది. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్‌లో ఐరోపా ఉచితంగా ఇచ్చిన పాలపొడిని ఊరికే పంచిపెట్టలేదు. ఢిల్లీ సహా నాలుగు మహానగరాల డెయిరీలకు అమ్మి, ఆ సొమ్మును పల్లె సహకార సంఘాల నిర్మాణానికి మళ్లించారు. ఆ దానం రైతుకు నిలకడైన కొనుగోలుదారును చూపింది.

మన పార్లమెంటు సభ్యులు రాయితీ ఎన్ని కోట్లని అడిగి కూర్చుంటే చాలదు. అది ఎవరి ఖాతాలో, ఏ తేదీన పడిందో కూడా అడగాలి.