గ్రామ వస్తుప్రదర్శనశాలలు - వాని పరస్పర సహకారము



సహకారమనగానే మనకు అప్పు, ఎరువు, విత్తనము, ధాన్యపు క్రయవిక్రయములు, పాలసేకరణము మాత్రమే తోచును. ఈ నెల నేను వ్రాయబోవు విషయము వీనికి వెలుపలిదిగా కన్పట్టవచ్చును. కడవఱకు చదివినచో అది సేద్యమునకు దూరము కాదని మీరే యొప్పుకొందురు.

నేను ప్రదర్శకోద్యోగమున క్రొత్తగా చేరిన దినములలో ఒక మెట్ట గ్రామమున ఒక వృద్ధుడు తన యింటి చూరున వ్రేలాడుచున్న గొఱ్ఱును నాకు చూపి, అది తన తండ్రి చేయించినదని చెప్పెను. నేను నవ్వి, "తాతా, ట్రాక్టరు వచ్చినది గదా, ఇక నిది పొయ్యిలోనికే" అంటిని. ఆయన "సరే సారూ" అని యూరకుండెను. మఱుసటి యేడు పోయి చూడగా చూరు వట్టిదైయుండెను.

కొన్ని యేండ్లకు ఆ యూరనే రెండెకరముల లోపు భూమిగల రైతులు కొందఱు, జొన్నలో కంది సాళ్లు వేయగోరి, ట్రాక్టరు కిరాయి భరింపలేక గొఱ్ఱు కావలెనని నన్నడిగిరి. ఊర నొక్కటియు లేదు. గొఱ్ఱు చేయనేర్చిన వడ్రంగి గతించెను. ఆయన కుమారుడు పట్టణమున తలుపులు, కిటికీలు చేయుచుండెను. గొఱ్ఱు పండ్ల నడుమ ఎడమెంత యుండవలెను, జడ్డిగమునకు రంధ్రములే వాలున తొలువవలెను అను సంగతులు చెప్పగలవారు కనబడలేదు. చూరున నున్నదానిని పొయ్యిలోనికి పంపినవాడను నేనే గదా యని నాకు సిగ్గు కలిగెను.

తుదకు పదునైదు కిలోమీటర్ల దూరమున నొక గ్రామ పాఠశాలలో, పంతులుగారు పిల్లలచేత ప్రోగుచేయించిన పాతవస్తువుల గదిలో, మంచి గొఱ్ఱొకటి దొరకెను. వారు రశీదు వ్రాయించుకొని పదునైదు దినములకు దానిని ఎరువిచ్చిరి. వడ్రంగి కుమారుడు కొలతలు తీసికొని రెండు క్రొత్త గొఱ్ఱులు చేసెను. అదను దాటకమునుపే కంది సాళ్లు పడినవి. ఒక గ్రామము దాచినది మఱియొక గ్రామమునకు అక్కఱకు వచ్చుట యనగా నిదియే. ఈ చిన్న సంగతియే నా వ్యాసమునకు మూలము.

వస్తుప్రదర్శనశాల యననేమి?

మ్యూజియమని మనము వ్యవహరించు వస్తుప్రదర్శనశాల రాజుల కత్తులకును, దేవతా విగ్రహములకును మాత్రమే యేర్పడినదని పలువురి తలంపు. అది సరికాదు. 1891లో స్వీడను దేశమున ఆర్తుర్ హాజేలియుస్ అనునతడు స్టాక్‌హోము నగరమున స్కాన్సెన్ అను ప్రదర్శనశాలను స్థాపించి, పల్లెలనుండి రైతుల యిండ్లనే విప్పి తెచ్చి నిలిపెను. యంత్రములు వచ్చి పల్లె జీవనము మాఱిపోవుచున్నదని ఆయన గ్రహించెను. మనకును నేడట్టి కాలమే వచ్చినది. నాగలి, గుంటక, మోట, ఏతాము, గూడ, గాదె, గుమ్మి, కుంచము, మానిక, సోల - వీనిని నేటి బాలురలో ఎందఱు గుర్తింపగలరు?

మన ప్రాంతమున నున్నవి

నైజాము ప్రభుత్వము 1914లో పురావస్తుశాఖను నెలకొల్పెను. దాని ప్రథమాధ్యక్షుడు గులాం యజ్దానీగారు. 1940 దశాబ్దపు తొలి యేండ్లలో వారు నేటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపురమున త్రవ్వించి శాతవాహనుల కాలపు నాణెములను, పూసలను, మట్టిబొమ్మలను వెలికి దీసిరి. అచ్చటనే యిపుడొక ప్రదర్శనశాల కలదు.

సికింద్రాబాదు స్టేషనున రైలెక్కి ఆలేరున దిగినచో, అచ్చటికి సమీపమున కొలనుపాకలో జైనాలయమును, సోమేశ్వరాలయపు టావరణమున శిల్పములను చూడవచ్చును. దక్షిణముగా పోయినచో మహబూబునగరము చెంత పిల్లలమఱ్ఱి యున్నది. అచ్చట ప్రదర్శనశాలయు, శ్రీశైలము జలాశయమున మునుగకుండ తరలించి నిలిపిన పురాతనాలయమును కలవు. 2018లో ఆ మహావృక్షమునకు చెదలు పట్టగా, సెలైను సీసాలతో చుక్కచుక్కగా మందెక్కించి కాపాడిన సంగతి మీరెఱుగుదురు. ఇంకను దక్షిణమున అలంపురమునందు బాదామి చాళుక్యుల నవబ్రహ్మాలయములును, వాని ప్రక్కనే ప్రదర్శనశాలయు నున్నవి. ఆ జలాశయమువలననే కూడలి సంగమేశ్వరాలయమునుగూడ రాయి రాయి విప్పి తెచ్చి అలంపురమున మరల కట్టిరి.

నల్లగొండ చెంత పానగల్లు, ఓరుగల్లు, కరీంనగరములందును ప్రదర్శనశాలలు గలవు. కొన్ని కేంద్ర ప్రభుత్వమువి, కొన్ని రాష్ట్ర ప్రభుత్వమువి. వీనికి తోడుగా కొన్ని పల్లెలలో పాఠశాల గదులలోను, గుడి మండపములలోను ఎవరో యొక పంతులుగారో, పెద్దమనిషియో ప్రోగుచేసిన వస్తువులుండును. ఆ పెద్దమనిషి కాలము చేసినంతనే అవి చెదలపాలో, పాతసామానుల బేరగాని పాలో యగుచున్నవి.

ఒంటరితనమువలన నష్టము

ఒక్క మానికను చూచినచో మీకేమి తెలియును? అది యొక యిత్తడి పాత్ర, అంతియే. పది గ్రామముల మానికలను ఒక్కచోట నుంచి ధాన్యముతో కొలిచి చూడుడు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మెట్రికు కొలతలను నిర్ణయించిన 1956 నాటి చట్టమునకు పూర్వము ఊరూరికి కొలత వేఱు. కౌలు గింజలు కొలిచిన మానిక యేది, అప్పిచ్చినపుడు కొలిచిన మానిక యేది యని విచారించినచో, మన తాతలు ఎచ్చట నష్టపోయిరో గూడ తెలియవచ్చును. ఈ జ్ఞానము ఒక్క పల్లె ప్రదర్శనశాలకు అలవడదు. పదింటి కలయికవలననే అలవడును.

నాణెముల సంగతియు నట్టిదే. పెద్దబంకూరు త్రవ్వకములలో ఇరువదివేలకు పైగా శాతవాహన నాణెములు దొరకినవి. గోదావరి యొడ్డున కోటిలింగాల గ్రామమున గోభద, నారన, సమగోప యనువారి నాణెములును, శాతవాహన వంశమునకు మూలపురుషుడగు సిముకుని నాణెములును దొరకినవి. వీనిని కొండాపురపు నాణెములతో పోల్చినపుడే ఎవరు ముందు, ఎవరు వెనుక యని చరిత్రకారులు నిర్ణయింపగలిగిరి. విడివిడిగా నవి రాగిబిళ్లలు, సీసపుబిళ్లలు మాత్రమే.

మఱియొక యుదాహరణము. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది. లోయ మునుగునని 1954 మొదలు 1960 వఱకు నాగార్జునకొండను కేంద్రశాఖవారు త్రవ్విరి. ఎదుటి యొడ్డున ఏలేశ్వరమును రాష్ట్రశాఖవారు త్రవ్విరి. నది యొకటియే, ఆ కాలపు జనులును ఒకరే, కాని శాఖలు రెండు. నేడు నాగార్జునకొండ ఆంధ్రప్రదేశమున, ఎదుటి యొడ్డు తెలంగాణమున నున్నవి. ఒక యొడ్డు వస్తువులను చూచినవారికి రెండవ యొడ్డు సంగతి తెలుపు పలక యొకటి యుండినచో నెంత మేలు!

అన్యదేశపు దృష్టాంతము

మెక్సికో దేశమున వహాకా రాష్ట్రమున శాంటా ఆనా దెల్ వాయే యను నేతపనివారి గ్రామమున్నది. ఆ గ్రామ కూడలిలో త్రవ్వుచుండగా పురాతన సమాధులు బయటపడినవి. ఆ వస్తువులను రాజధానికి పంపుట కిష్టపడక, గ్రామసభ కూడి, తమ యూరనే ప్రదర్శనశాలను నెలకొల్పవలెనని తీర్మానించెను. 1986లో అది తెఱువబడెను. దాని కమిటీని గ్రామసభయే యెన్నుకొనును. ప్రక్క గ్రామములును అదే త్రోవ పట్టినవి. 1991లో అవి యన్నియు కలిసి యొక సమాఖ్యగా నేర్పడి, ఒకరికొకరు పనివాండ్రకు శిక్షణము నిప్పించుకొనుచు, క్రొత్తగా పూనుకొను పల్లెలకు తోడ్పడుచు వచ్చినవి.

ఇది మనకు క్రొత్తది కాదు. ముల్కనూరు సహకార సంఘము 1956లో ఏర్పడినపుడు చుట్టుపట్ల పల్లెల రైతులు చేయిచేయి కలిపిరి. ఒక్కొక్క పల్లె వేఱుగా నుండినచో వారికి మిల్లు కలుగునా? గిడ్డంగి కలుగునా? అంతర్జాతీయ సహకార సమాఖ్య 1995లో ప్రకటించిన ఏడు సూత్రములలో ఆఱవది సహకార సంఘముల మధ్య సహకారము. దానినే ప్రదర్శనశాలలకు అన్వయింపవలెనని నా మనవి.

ఏయే పనులందు సహకరింపవచ్చును?

1. ఉమ్మడి పట్టిక: ప్రతి వస్తువునకు సంఖ్య వేసి, దాని పేరు, ఎచ్చట దొరకినది, ఎవరిచ్చిరి, ఎట్లుపయోగించిరి అను నాలుగు సంగతులు వ్రాసి ఫోటో తీయవలెను. ఒకే పనిముట్టు నొకచోట గుంటక యనియు, మఱియొకచోట వేఱొక పేరనియు పిలుతురు. రెండు పేర్లును వ్రాయుడు. పేరు పోయినచో పనిముట్టు సగము పోయినట్లే. వస్తువు దొంగిలింపబడినను ఫోటోయే సాక్ష్యమగును.

2. రక్షణము: కఱ్ఱ సామానులను మట్టినేలపై నుంచక రాతిదిమ్మెలపై నుంచవలెను. ఇనుమును తడి తగులనీయరాదు, ఇటుకపొడితో తోమరాదు. తాళపత్రములకు నిమ్మగడ్డి నూనె మేలు. ఈ పనులు తెలిసిన యొకనిని పది పల్లెలు కలిసి జీతమిచ్చి పెట్టుకొన్నచో, ఒక్కొక్క పల్లెకు భారము స్వల్పము.

3. సంచార ప్రదర్శనము: జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ స్త్రీలు రెండు దశాబ్దములకు పైగా, సంక్రాంతి మొదలుకొని ఎడ్లబండ్లను అలంకరించి, పాతపంటల విత్తనములను ఊరూర త్రిప్పి పాతపంటల జాతర సాగించిరి. ఆ సంఘమునకు 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటరు బహుమానము లభించినది. ఆ రీతినే ఒక పల్లె పనిముట్లు ఒక నెల మఱియొక పల్లెలో నుండవచ్చును.

4. విత్తనపు బీరువా: పాత పనిముట్టు ప్రక్కనే దానితో విత్తిన పాత విత్తనముండవలెను. పటాన్‌చెరువున 1972లో స్థాపింపబడిన ఇక్రిశాటు సంస్థ విత్తన భాండారమున లక్షకు పైగా నమూనాలు గలవు. పల్లెలో మొలకెత్తు విత్తనమును ఏటేట విత్తి మార్చుకొనుట గ్రామస్థుల పని.

భయమును, దానికి మందును

"మా వస్తువును పెద్దలు తీసికొనిపోయినచో మరల వచ్చునా?" అని రైతులడుగుదురు. ఈ భయము నిర్హేతుకము కాదు. నే నెఱిగిన యొక గ్రామమునుండి ప్రదర్శనముకొఱకని తీసికొనిపోయిన తాళపత్రపు కట్ట నేటికిని తిరిగి రాలేదు. అడుగుటకు రశీదు లేదు. తెచ్చినవారెవరో చెప్పుటకు సాక్షియు లేడు.

దీనికి మందు సహకారమును మానుట కాదు, కాగితమును వ్రాయుట. సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధశిల్పములు 2023లో న్యూయార్కు నగరపు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలకు ఎరువుగా పోయినవి. అంతటి రాయి సముద్రములు దాటుటకు ఒడంబడికయే యాధారము. మన గొఱ్ఱు రెండు గ్రామముల నడుమ పోవుటకు నొక రశీదు వ్రాయలేమా? వస్తువు యొక్క స్వామ్యము ఇచ్చిన గ్రామమునదే. మరల నప్పగించు తేదీ, నాటి స్థితి, ఇరుప్రక్కల సంతకములు తప్పక యుండవలెను. మన సంఘమున దాచిన డిపాజిటు మనదే యైనట్లు, ఇదియు నట్లే.

చట్టమును మఱువరాదు. దున్నునపుడు పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరకినచో 1878 నాటి నిధిచట్టము ననుసరించి కలెక్టరుగారికి తెలుపవలెను. 1972 నాటి చట్టము ప్రకారము సాధారణముగా నూఱేండ్లు దాటిన శిల్పాదులు పురావస్తువులు. వ్రాతప్రతులకు డెబ్బదియైదేండ్లు చాలును. అట్టివానిని ప్రదర్శనశాలలో నుంచుకొనుటకు ముందు పురావస్తుశాఖవారిని విచారించి, నమోదు కావలసినవానిని నమోదు చేయింపవలెను. నాగలి, మానికల విషయమున మొదలు పెట్టినచో చిక్కులు తక్కువ.

తుది మనవి

ప్రతి సంఘమువారును వచ్చు సర్వసభ్య సమావేశమున నొక తీర్మానము చేయుదురుగాక. సంఘపు గిడ్డంగిలో నొక మూల గాని, పాఠశాలలో నొక గది గాని యేర్పఱచి, ఇంటికొక వస్తువు చొప్పున, ఇచ్చినవారి పేరు వ్రాసి, తీసికొనుడు. పిమ్మట ప్రక్క సంఘము పట్టికను అడిగి తెప్పించుకొని, మీ పట్టికను వారికి పంపుడు. సమాఖ్య యనునది యీ రెండు కాగితముల మార్పిడితోనే పుట్టును. కట్టడములు, నిధులు తరువాతి మాట.

చూరున వ్రేలాడు గొఱ్ఱును చూచి నేనాడిన మాటను మరల తీసికొనలేను. ఇపుడు ఏ యింటనైనను అట్టిది కన్పడినచో, పొయ్యిలో పెట్టకుడని చెప్పి, దాని కొలతలు వ్రాసికొనుచున్నాను. మీరును అట్లే చేయుడు.