పానా కంటే ముందు కాటా

పికప్ స్టీరింగ్ బరువెక్కిందని షెడ్డుకు తీసుకెళ్తే చాలాచోట్ల మొదట వినిపించే మాట ‘పంపు పోయింది’. నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ పంపు మార్చడమంటే డబ్బుతో పని. పైసా ఖర్చు లేకుండా ముందే చూడదగ్గవి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ముందు ఆ బరువెంతో కొలవాలి. కూరగాయల లోడు వేసే బండివారికి కొక్కెం ఉన్న స్ప్రింగ్ కాటా దొరకడం కష్టమేమీ కాదు. సిమెంటు నేల మీద బండి నిలిపి, ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, కొక్కేన్ని స్టీరింగ్ అంచుకు తగిలించి, స్టీరింగ్ తిరిగే దిశలోనే లాగండి. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ బాగున్న బండిలో ముల్లు సాధారణంగా 3, 4 కిలోలు దాటదు. ఎడమకెంతో, కుడికెంతో విడివిడిగా రాసుకోండి.

పవర్ అసలు లేకపోతే ఎంత ఉంటుంది? ఆగి ఉన్న బండి టైరును పొడి రోడ్డు మీద తిప్పడానికి ఎంత బలం కావాలో చెప్పే సూత్రం ఒకటి ఇంజనీర్ల వాడుకలో ఉంది. చక్రం మీది బరువును ఘనం చేసి, టైరు గాలి పీడనంతో భాగించి, వర్గమూలం తీసి, ఘర్షణ గుణకంలో మూడో వంతుతో హెచ్చవేయాలి. ముందు ఇరుసు మీద 900 కిలోలు, గాలి 35 పీఎస్ఐ, ఘర్షణ 0.7 అనుకుంటే రెండు చక్రాలకూ కలిపి సుమారు 280 న్యూటన్ మీటర్లు వస్తుంది. స్టీరింగ్ నిష్పత్తి 18కి 1, రాపిడిలో పావు వంతు నష్టం, స్టీరింగ్ వ్యాసం 38 సెంటీమీటర్లు అని వేసుకుంటే చేతి మీద పడేది దాదాపు 11 కిలోలు. డీజిల్ మిగులుతుందని ఘాట్ రోడ్డులో ఇంజన్ ఆపి బండిని దించేవాళ్లు ఈ పవర్ సాయాన్నే వదులుకుంటున్నారు. బ్రేకుకు అందే సాయం కూడా రెండు మూడు తొక్కులతో అయిపోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

ఆ సూత్రంలోనే రోగాలు సగం దాగున్నాయి. గాలి 35 నుంచి 25కు దిగితే బలం 18 శాతం ఎక్కువ కావాలి. అందుకే మొదట వెళ్లాల్సింది పంక్చర్ షాపుకు. ఎంత గాలి ఉండాలో తలుపు దగ్గరి స్టిక్కరు చెబుతుంది. ఇక బరువు. ముందు ఇరుసుకు 70 సెంటీమీటర్ల ముందుగా 50 కిలోల ఇనుప గార్డు బిగిస్తే, 3 మీటర్ల వీల్‌బేస్ ఉన్న బండిలో ఇరుసు మీద పడేది 50 కాదు, 62 కిలోలు. స్టీరింగ్ బలం మరో 10 శాతం పెరుగుతుంది. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే ఈ గార్డులు వద్దని రాష్ట్రాలకు రాసింది. ఆ ఆదేశానికి కారణం పాదచారుల, ప్రయాణికుల భద్రత. చేతుల నొప్పి దానికి అదనం.

వెనక లోడు సంగతి కొంచెం చిక్కైనది. లోడు వెనక ఇరుసు మీదే పడితే ముందు బరువు పెద్దగా పెరగదు. కానీ కమాన్ కట్టలు చచ్చుబడి వెనక భాగం 10 సెంటీమీటర్లు కుంగితే అదే 3 మీటర్ల బండి దాదాపు 1.9 డిగ్రీలు వెనక్కి వాలుతుంది. క్యాస్టర్ కోణం (చక్రం పక్కకు తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) కూడా అంతే పెరిగి, నడుస్తున్న బండి స్టీరింగ్ బిగుసుకున్నట్టు తోస్తుంది. ఇక్కడ బాగుచేయాల్సింది కట్టలను.

గాలి సరిగ్గానే ఉన్నా బరువు తగ్గకపోతే వెనక చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, ముందు చక్రాలు రెండూ లేపి, స్టాండ్ల మీద నిలపండి. జాకీని మాత్రమే నమ్మకండి. ఇంజన్ ఆపి స్టీరింగ్ తిప్పి చూడండి. గాలిలో ఉన్న చక్రాలు కూడా ఒకచోట పట్టేస్తుంటే లోపం హైడ్రాలిక్స్‌లో కాక, తుప్పు పట్టిన స్టీరింగ్ కాలమ్ జాయింటులోనో, ఎండిన బాల్ జాయింటులోనో, గ్రీజు చూడని కింగ్ పిన్‌లోనో, స్టీరింగ్ బాక్సులోనో ఉండే అవకాశమే ఎక్కువ. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాకపోవడం కూడా దీనికే గుర్తు. గాలిలో తేలిగ్గా తిరిగి నేల మీదే బరువైతే అప్పుడు అనుమానించాల్సింది పవర్ సాయాన్ని.

అక్కడా ముందు ఆయిలు, బెల్టు. డబ్బాలో నురగ ఉంటే పైపుల్లోకి గాలి చేరింది. కాలిన వాసన వస్తే ఆయిలు చెడింది. ఆటోమేటిక్ టెన్షనర్ లేని బెల్టును మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే చాలా బండ్లలో సెంటీమీటరు వరకు దిగొచ్చు, అంతకు మించితే వదులు. ఐడిల్‌లో బరువుగా ఉండి, రేస్ ఇస్తే తేలికైతే బెల్టు జారుతోందేమో, పంపు అరిగిందేమో చూడాలి. ఒక వైపుకే బరువైతే పంపును నిందించలేం, ఎందుకంటే రెండు వైపులకూ ఒత్తిడి ఇచ్చేది అదే. బాక్సులోని వాల్వు, సీళ్లు చూడాలి.

పంపా, బాక్సా అన్న తగవును ప్రెజర్ గేజ్ తేలుస్తుంది. ఇలాంటి బండ్లలో పంపు గరిష్ఠ ఒత్తిడి సాధారణంగా 80 నుంచి 120 బార్ల మధ్య ఉంటుంది. టైరులో ఉండేది 2.4 బార్లే. పంపుకు, బాక్సుకు మధ్య గేజ్ పెట్టి దాని వాల్వును 5 సెకన్లకు మించకుండా మూస్తారు. మాన్యువల్‌లోని అంకె రాకపోతే తప్పు పంపుదే. ఆ అంకె వచ్చి, వాల్వు తెరిచి స్టీరింగ్ ఫుల్ లాక్ చేసినప్పుడు మాత్రం పడిపోతే ఆయిలు బాక్సు లోపలే కారిపోతోంది. అలాంటి బండికి కొత్త పంపు ఎన్నిసార్లు వేసినా వృథా. మెకానిక్‌ను ఈ పరీక్ష అడిగి చేయించుకోండి. అడిగే హక్కు మీకుంది.

పంపు, బాక్సుల్లో ఏది మార్చినా చివర పైపుల్లోని గాలి తీయాలి. మాన్యువల్ చెప్పిన రకం ఆయిలే పోసి, చక్రాలు లేపి, ఇంజన్ ఆపే ఉంచి ఈ చివర నుంచి ఆ చివరకు 10, 15 సార్లు నిదానంగా తిప్పుతూ డబ్బాలో తగ్గినప్పుడల్లా నింపండి. తర్వాత ఇంజన్ ఐడిల్‌లో ఉంచి మరికొన్ని సార్లు తిప్పండి. చివర్లలో పట్టి ఉంచవద్దు. నురగ పోయి, కీచుమనే శబ్దం ఆగి, ఆయిలు మట్టం నిలకడగా ఉంటే చక్రాలు దించవచ్చు.