తవ్వకుండా దొరికే నిధి

నిధి అనగానే మా మల్యాల దిక్కున ఎవరికైనా ముందు గుర్తుకొచ్చేది గడ్డపార. అర్ధరాత్రి పాత గుడి వెనుక తవ్వడం, నందిని పగలగొట్టి చూడడం, మంత్రగాడి చేతిలో వేలకు వేలు పోయడం, చివరికి పోలీసులకు పట్టుబడడం. ఇవన్నీ పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఈ రోజు నేను చెప్పబోయేది వేరే నిధి సంగతి. దీనికి గడ్డపార వద్దు, మంత్రగాడు వద్దు. ఒక ఫోను, ఒక కాగితం, కొంచెం బుర్ర ఉంటే చాలు. సెలవుల్లో పిల్లలు ఫోను పట్టుకుని మంచం దిగడం లేదని బాధపడే తల్లులు కొంచెం శ్రద్ధగా వినండి.

ఈ ఆట పేరు జియోకాషింగ్. పుట్టింది అమెరికాలో. మనం భూమ్మీద ఎక్కడున్నదీ ఉపగ్రహాల సాయంతో తెలుసుకునే ఏర్పాటును జీపీఎస్ అంటున్నాం గదా! అది మొదట సైన్యం కోసం పెట్టుకున్నది. బయటివాళ్లకు అందే లెక్కలో అమెరికా ప్రభుత్వం కావాలనే వంద మీటర్ల దాకా తేడా ఉంచేది. 2000 మే 2న ఆ తేడాను తీసేసింది. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఆరిగన్ రాష్ట్రంలోని అడవిలో ఒక బక్కెట్ దాచాడు. అందులో పుస్తకాలు, ఒక గులేరు, ఒక నోటుపుస్తకం వగైరా పెట్టి, ఆ చోటు అంకెలు మాత్రం తోటివాళ్లకు తెలియజేశాడు. కనుక్కున్నవాళ్లు పుస్తకంలో పేరు రాయాలి, ఒక వస్తువు తీసుకుంటే ఇంకొకటి పెట్టాలి. అంతే ఆట. ఇప్పుడు ప్రపంచమంతటా ఇట్లాంటి డబ్బాలు లక్షల్లో ఉన్నాయి.

ఇందులో చిక్కుముడి రకం ఒకటుంది. పైకి ఇచ్చిన అంకెలు అసలు చోటువి కావు. పొడుపు విప్పితేనే అసలు అంకెలు వస్తాయి. దానికి గూఢచారి కథ జోడించారంటే పిల్లలకు పండగే.

గూఢచారులు మనకు కొత్తవాళ్లేం కారు. మా అమ్మల కాలంలో, 1966లో, కృష్ణ గారి ‘గూఢచారి 116’ వచ్చింది. మేము మధుబాబు షాడో నవలలను పాఠపుస్తకం మధ్యన పెట్టుకుని చదివాం. అసలు మన కొండగట్టు అంజన్నను మించిన వేగులవాడు ఎవరు? చిన్న రూపం దాల్చి లంకంతా వెతికాడు. సీతమ్మ నమ్మడానికి ఉంగరం చూపించాడు. తిరిగివచ్చి రామునికి చూడామణి ఇచ్చాడు. ఆనవాలు లేని వేగును ఎవరూ నమ్మరన్నమాట. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో విద్యార్థి, సన్యాసి, రైతు, వర్తకుడు వేషాల్లో తిరిగే గూఢపురుషులను చెప్పి ఊరుకోలేదు, భిక్షుకి వేషంలో తిరిగే ఆడవాళ్లనూ చెప్పాడు.

అంకెలకూ వేగుకూ ఉన్న చుట్టరికం తెలియాలంటే పిల్లలకు నైన్ సింగ్ రావత్ కథ చెప్పండి. ఆయన కుమావూ కొండల్లో బడిపంతులు. అప్పట్లో టిబెట్టు బయటివాళ్లను రానిచ్చేది కాదు. ఆ దేశం కొలతలు తెమ్మని సర్వేవాళ్లు ఆయనను రహస్యంగా పంపారు. ఆయన జపమాలలో 108 పూసలకు బదులు 100 పూసలుండేవి. వంద అడుగులకొక పూస జరిపేవాడు. చూసేవాళ్లకు భక్తుడు, లోపల లెక్క! రాసుకున్న కాగితాలను ప్రార్థన చక్రంలో దాచేవాడు. 1866 జనవరిలో లాసా చేరి, ఆ పట్టణం ఏ అక్షాంశం మీదున్నదీ లెక్కగట్టాడు.

ఇక పొడుపు ఎలా కట్టాలి? మన సంగీతంలోనే మంచి తాళంచెవి ఉంది. దాన్ని కటపయాది అంటారు. క నుంచి ఝ దాకా వరుసగా 1 నుంచి 9, ఞ సున్న. ట నుంచి ధ దాకా మళ్లీ 1 నుంచి 9, న సున్న. ప నుంచి మ దాకా 1 నుంచి 5. య, ర, ల, వ, శ, ష, స, హ వరుసగా 1 నుంచి 8. గుణింతం, సున్నా లెక్కలోకి రావు. ఒత్తు ఉంటే చివరి హల్లునే తీసుకోవాలి. వచ్చిన అంకెలను వెనుక నుంచి చదవాలి. మాయామాళవగౌళలో మా 5, యా 1. తిప్పితే 15. అది పదిహేనో మేళకర్త గదా! మేళకర్తల పేర్లు చాలావరకు ఇట్లా మొదటి రెండక్షరాల్లో వాటి సంఖ్యను దాచుకున్నవే.

ఇప్పుడు గూఢచారి ఉత్తరం ఒకటి చూడండి: “హాటకాంబరి హంసనెక్కి వస్తోంది.” చదివినవాళ్లు ఏదో పాట అనుకుంటారు. హాటకాంబరిలో మొదటి రెండక్షరాలు హా 8, ట 1. తిప్పితే 18. హంసలో హ 8, స 7. తిప్పితే 78. మన మల్యాల ఉన్నది సరిగ్గా అక్కడే, 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటాక, 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటాక. మన ఊళ్ల పేర్లూ అంకెలే. మల్యాల 315. కోరుట్ల 321. సిరిసిల్ల 3727. కొండగట్టు 1331, ఎటు చదివినా అదే!

ఫోనులో మ్యాపు తెరిచి ఒక చోట వేలు అదిమిపెడితే చుక్కలున్న రెండు సంఖ్యలు వస్తాయి. చుక్క తర్వాత రెండో అంకెలో ఒకటి తేడా వస్తే కిలోమీటరుకు పైగా పక్కకు పోతాం. మూడో అంకెలో అయితే 110 మీటర్లు, నాలుగో అంకెలో 11 మీటర్లు, ఐదో అంకెలో మీటరు. కాబట్టి చిన్నపిల్లలకైతే చుక్క తర్వాత నాలుగు, ఐదు అంకెలనే దాచండి. తప్పుగా విప్పినా వాడకట్టు దాటిపోరు. చెట్టుకింద, గోడల మధ్య ఫోను నాలుగైదు మీటర్లో, ఇంకా ఎక్కువో తప్పు చూపుతుంది. చివరి నాలుగడుగులు కళ్లతోనే వెతకాలి.

ఆటను నాలుగు మెట్లుగా పెట్టుకోండి. మొదటి ఉత్తరం నిమ్మరసంతో రాసి ఆరబెట్టండి. కాగితం తెల్లగానే ఉంటుంది. పెద్దవాళ్లు ఇస్త్రీపెట్టె తగిలిస్తే అక్షరాలు గోధుమరంగులో తేలుతాయి. రెండోది ఆనవాలు. పోస్టుకార్డు చించి సగం పిల్లలకూ, సగం కిరాణా కొట్టు ఆయనకూ ఇవ్వండి. రెండు ముక్కలూ అతికితేనే ఆయన తర్వాతి ఉత్తరం ఇస్తాడు. మూడోది లెక్క. గుడిమెట్లో, బడి కిటికీలో లెక్కపెట్టి అంకె తేవాలి. కొంచెం దూరం పోగలిగితే గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో అక్కడి రాతిమీద శాసనం చెక్కించాడు. అందులో తెలుగు కందపద్యాలెన్ని? మూడు. ఆ మూడే మీ అంకె! నాలుగో మెట్టు డబ్బా. అందులో పెన్సిలు, నోటుపుస్తకం, గాజులో గోళీలో పెట్టండి. తినేవి మాత్రం పెట్టకండి. కొండగట్టు కోతులు పిల్లలకంటే ముందే విప్పుకుంటాయి.

జాగ్రత్తలు గట్టిగా చెబుతున్నాను. 2013లో దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు కట్టిన బాంబులు పేలాయి. కాబట్టి టిఫిను డబ్బా, మూసిన సంచి వాడకండి. బస్టాండులో, గుడిలో, జాతరలో ఏదీ దాచకండి. లోపలున్నది కనిపించే ప్లాస్టిక్ డబ్బా మీద ‘పిల్లల ఆట’ అని పెద్దక్షరాలతో రాయండి. ఎవరి జాగలో పెడుతున్నారో వాళ్లను అడిగి పెట్టండి. వ్యవసాయ బావుల దగ్గర, అడవిపందుల కోసం కరెంటు తీగలు కట్టే చేన్ల దగ్గర వద్దేవద్దు. పిల్లలు నలుగురైదుగురు కలిసి, ఒక పెద్దవాళ్లతో, పగటిపూటే పోవాలి. ఈ ఏర్పాటు చేశాక ఆడపిల్లలను మాత్రం ఇంట్లో కూర్చోబెట్టకండి. మ్యాపు చూసి దారి కనుక్కోవడం రేపు వాళ్లకు చదువుకు పోయినా, నౌకరీకి పోయినా అక్కరకొచ్చేదే.

అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది. ఈ ఆటలో నేలను తవ్వకూడదు. ప్రపంచంలో ఎక్కడ ఆడినా ఇదే మాట. మన జిల్లాలోనే గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. అక్కడ శాతవాహనుల తొలిరాజు శ్రీముఖుని పేరున్న నాణేలు, అంతకుముందు ఏలిన సమగోపుని వంటివాళ్ల నాణేలు దొరికాయి. కరిగించి అమ్మితే వాటికి ఎంతొస్తుంది? ఫలానా చోట దొరికాయన్న మాటవల్లే అవి మన చరిత్రను చెప్పగలిగాయి. దొంగ తవ్వకంలో ముందు చెడిపోయేది ఆ మాటే. భూమిలో నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టమూ చెబుతోంది. డబ్బాను తీసి, పేరు రాసి, మళ్లీ ఉన్నచోటే పెట్టడం అలవాటైన పిల్లలు రేపు పాత రాయి కనబడితే గడ్డపార కోసం చూడరు, దాని మీద ఏం రాసి ఉందో చదవాలని చూస్తారు. ఈ సెలవుల్లో ఒక డబ్బా దాచి చూడండి.